చేయి తిరగని పిల్లలు: వైద్యుల కొలబద్దలపై ఒక విమర్శ

మన భాషలో నేర్పరితనాన్ని చేతితో కొలవటం పూర్వంనుంచి ఉన్నది. మంచి వంటవాడిని, మంచి కంసాలిని, చివరకు మంచి రచయితను కూడ "చేయి తిరిగినవాడు" అంటాము. చేయి తిరగని పెద్దవాడు ఆ పని మాని మరొక పని చూసుకోవచ్చును. చేయి తిరగని అయిదేళ్ళ పిల్లవాడికి ఆ వెసులుబాటు లేదు. అతడు బొత్తాములు పెట్టుకోవాలి, అన్నం ఒలకకుండ తినాలి, రెండు గీతల మధ్య అక్షరం నిలపాలి, ఆటలో బంతి పట్టాలి. ఈ పనులలో వెనుకబడిన పిల్లవాడికి ఇంటిలోను బడిలోను దొరికే పేర్లు "మొద్దు", "సోమరి", "ఒళ్ళు తెలియనివాడు". తల్లి మాత్రం ఈ పేర్లతో తృప్తి పడదు. చెప్పిన కథను తిరిగి చెప్పగల పిల్లవాడు, ఎక్కాలు గడగడ అప్పగించే పిల్లవాడు, చొక్కా బొత్తాము దగ్గర ఎందుకు ఓడిపోతున్నాడు? రోజూ గుమ్మం తగిలి ఎందుకు పడుతున్నాడు? ఆమె ఈ ప్రశ్నను మొదట ఉపాధ్యాయుని దగ్గరకు తెస్తుంది. డాక్టరు దగ్గరకు పోవటం ఆ తరువాతి మాట.

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చిన సమాధానాలు కొన్ని ఉన్నవి. వాటితోపాటు పేర్లు, పరీక్షలు, చికిత్సలు కూడ ఇప్పుడు మన పట్టణాలకు వచ్చినవి. ఇవి వచ్చినందుకు సంతోషించవలసినదే గాని, ఎక్కడో తయారైన కొలబద్దను మన పిల్లల పక్కన పెట్టేముందు అది ఎట్లా తయారయిందో చూడటం మంచిది.

ముందు పేరు సంగతి. 1937లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ పిల్లల చదువు, వ్రాత, మాటల చిక్కులపై ప్రకటించిన గ్రంథంలో అసాధారణమైన చేతకానితనాన్ని కూడ ఎదుగుదలకు సంబంధించిన లోపాలలో ఒకటిగా చేర్చాడు. 1962లో ఇంగ్లండులో వాల్టన్, ఎల్లిస్, కోర్ట్ అనే ముగ్గురు వైద్యులు అటువంటి అయిదుగురు పిల్లలను గురించి నాడీశాస్త్ర పత్రికలో వ్రాశారు. ఆ ఏడే బ్రిటిష్ వైద్య పత్రిక ఈ విషయంపై సంపాదకీయం ప్రచురించింది. పిల్లవాడి బుద్ధిలో లోపం లేదు, కండరాలలో బలహీనత లేదు, అయినా చేతులు చెప్పినట్టు వినవు. దానికి అతడిని నిందించటం తప్పు అనే మాట వైద్యలోకంలో గట్టిగా వినపడింది అప్పుడే. 1965లో అదే బృందం, గబ్బే అనే యువ వైద్యుని కలుపుకొని, 21 మంది పిల్లలను వర్ణించింది. గబ్బే తరువాత ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బడిపిల్లలను పరీక్షించి, 1975లో ఈ విషయంపైనే ఒక గ్రంథం వ్రాశాడు.

ఈ వైద్యులు పిల్లలపై పడుతున్న నింద తొలగించారు. అది గొప్ప పని. కాని నింద తీసిన చోట మరొక ముద్ర వేశారు. మాట్లాడే తీరులోను, పేరు పెట్టే తీరులోను వారు పెద్దవారిలో పక్షవాతం, మెదడు గాయం తరువాత కనిపించే లక్షణాలను పిల్లలకు అంటగట్టారు. ఆ కాలంలోనే "స్వల్ప మస్తిష్క హాని" అనే మాట కూడ ప్రచారంలో ఉండేది. హాని ఎక్కడ అని అడిగితే చూపించటానికి ఏమీ లేదు. 1962లో ఆక్స్‌ఫర్డులో కూడిన వైద్యబృందం "హాని" అనే మాటను మానివేయమని సలహా ఇవ్వవలసివచ్చింది. నేటి మెదడు చిత్రణలలో కూడ ఈ పిల్లలకు సామాన్యంగా గాయంవంటిది కనపడదు. 1987లో అమెరికన్ మనోవైద్యుల సంఘం తన వర్గీకరణ గ్రంథంలో "వికాస సమన్వయ లోపం" అనదగిన పేరును చేర్చింది. 1994లో కెనడాలోని లండన్ నగరంలో సమావేశమైన పరిశోధకులు అందరూ ఆ పేరునే వాడుదామని ఒప్పుకొన్నారు. పేరు కొంచెం బరువైనదే. అయినా అది మెదడు పాడైనదని చెప్పదు, పిల్లవాడు మొద్దు అని చెప్పదు. కనుక మునుపటి పేర్లకంటె మేలు.

సమన్వయం అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చూద్దాము. పిల్లవాడు ఎగిరివస్తున్న బంతిని పట్టాలి. కన్ను బంతిని చూసి, ఆ వార్త మెదడుకు పోయి, అక్కడినుంచి ఆజ్ఞ చేతికి వచ్చి కదలికను సరిదిద్దేసరికి సెకనులో పదోవంతుకు పైగా పడుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చే బంతి ఈలోగా ఒక మీటరు దాటిపోతుంది. కనుక బంతి ఉన్నచోటికి చేయి చాచేవాడు ఎన్నడూ బంతిని పట్టలేడు. బంతి ఉండబోయే చోటికి చాచాలి. మెదడు తన చేయి ఎక్కడికి చేరుతుందో, బంతి ఎక్కడికి వస్తుందో ముందుగానే లెక్క కట్టి, చూపు చెప్పే వార్తతో ఆ లెక్కను సరిచూసుకొంటూ ఉంటుంది. నీళ్ళగ్లాసు ఎత్తటంలోను ఇదే లెక్క. నిండు గ్లాసని ఎత్తిన ఖాళీ గ్లాసు పైకి లేచిపోవటం మనందరికీ అనుభవమే. చేయి తిరగని పిల్లలలో ఈ ముందులెక్క సరిగా కుదరటంలేదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. ఇది ఇంకా సిద్ధాంతమే గాని, "చూసుకొని నడవరా" అనే మందలింపు ఎందుకు పనిచేయదో దీనివల్ల కొంత అర్థమవుతుంది. అతడు చూస్తూనే ఉన్నాడు. చూచినదానికి చేయి, కాలు ఆలస్యంగా జవాబు చెబుతున్నవి.

ఇక కొలబద్దల విషయం. గబ్బే తన గ్రంథంలో పిల్లలను కొన్ని పనులు చేయమన్నాడు: పెదవులు బిగించి ఈల వేయటం, గెంతుతూ ముందుకు పోవటం, అగ్గిపెట్టెల మధ్యనుంచి బంతిని కాలితో దొర్లించటం, బంతిని ఎగరవేసి చప్పట్లు కొట్టి తిరిగి పట్టుకోవటం, బూటు తాడు ముడివేయటం, పూసలు గుచ్చటం, కాగితంపై గుండుసూదితో పొడవటం, రకరకాల ఆకారాలను వాటి రంధ్రాలలో వేయటం. పెర్త్ నగరపు పిల్లలకు ఇవి తగిన పనులే కావచ్చును. మన పల్లెలో చెప్పులు వేసుకొనే పిల్లవాడు పదేళ్ళు వచ్చేదాక బూటు తాడు ముట్టుకొని ఉండడు. ఆడపిల్ల ఈల వేస్తే మన ఇండ్లలో పెద్దలు ఊరుకొనేవారు కారు. ఆ పిల్లలు ఈ పరీక్షలో తప్పితే తప్పినది వారి సమన్వయమా, పరీక్షకుని ఊహా? మరొకవంక చూస్తే, బంతి ఎగరవేసి చప్పట్లు కొట్టి పట్టుకొనే పరీక్ష మన ఆడపిల్లలు అరుగులమీద ఆడుకొనే అచ్చనగాయలకు సొంత చెల్లెలు. ఒక రాయి ఎగరవేసి, అది కిందికి వచ్చేలోగా నేలమీది రాళ్ళను ఏరుకొని, దానిని కూడ అందుకొనే పిల్లకు గబ్బే పరీక్ష ఒక లెక్కా? అదే పిల్ల కత్తెర పట్టి కాగితం కత్తిరించటంలో తడబడవచ్చును, ఇంటిలో ఆమె చేతికి ఎవరూ కత్తెర ఇచ్చి ఉండరు.

1992లో ఇంగ్లండు పరిశోధకులు హెండర్సన్, సగ్‌డెన్‌లు తయారుచేసిన చలన పరీక్ష ఇప్పుడు హెచ్చుగా వాడుకలో ఉన్నది. 2007లో దాని రెండవ రూపం వచ్చింది. డబ్బీలో నాణాలు వేయటం, పూసలు గుచ్చటం, ఒంటికాలిపై నిలవటం, చిన్నసంచిని పట్టుకోవటం వంటి పనులు అందులో ఉన్నవి. ఇది జాగ్రత్తగా కట్టిన పరీక్షే. అయితే దీని ఫలితాన్ని చదవటంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతున్నది. గణితోపాధ్యాయులు దానిని ఇట్టే పట్టగలరు. పిల్లలనందరినీ మార్కుల వరుసలో నిలబెట్టి, అడుగునుంచి నూటికి 5గురిని తీవ్రంగా వెనుకబడినవారని, 15 మంది వరకు జాగ్రత్తగా చూడవలసినవారని ఈ పద్ధతి గీత గీస్తుంది. తరువాత "పిల్లలలో నూటికి 5, 6గురికి ఈ లోపం ఉన్నది" అని గ్రంథాలలో వ్రాస్తారు. అడుగు అయిదుగురిని లోపమని మనమే అన్నప్పుడు లోపం అయిదుగురిలో కనపడటంలో వింత ఏమున్నది? గీతను మరొకచోట గీస్తే అంకె మారుతుంది. ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతపు ఏడేళ్ళ పిల్లలను గురించి 2009లో ప్రకటించిన పరిశోధనలో, పరీక్ష ఫలితంతోపాటు నిత్యజీవితంలోను వ్రాతలోను ఇబ్బంది ఉండాలని, మరొక వ్యాధి కారణం కాకూడదని నియమాలన్నీ గట్టిగా పాటించగా, తేలినవారు నూటికి 2గురికంటె తక్కువ. గీతను కొంచెం సడలిస్తే ఆ అంకె 5 దగ్గరకు వచ్చింది. పిల్లలు అదే పిల్లలు.

ఈ గ్రంథాలన్నిటిలోను నాకు మిక్కిలి విలువైనదిగా తోచిన నియమం, విచిత్రంగా, అందరూ త్వరగా దాటిపోయేది. 2013 నాటి అమెరికన్ వర్గీకరణలో మొదటి నియమమే ఇట్లా ఉన్నది: పిల్లవాడి నేర్పును అతని వయస్సుకు మాత్రమే కాక, ఆ నేర్పును నేర్చుకొని వాడుకొనేందుకు అతనికి దొరికిన అవకాశానికి కూడ సరిపోల్చాలి. తరువాతి నియమాలు మూడు: ఆ లోపం బడిలో, ఇంటిలో, ఆటలో నిజంగా అడ్డుతగులుతూ ఉండాలి, చిన్ననాటినుంచే ఉండాలి, చూపు, బుద్ధి, నాడులు, కండరాల వ్యాధులు దానికి కారణం కాకూడదు. ఇంత చక్కని మొదటి నియమం వ్రాసిన గ్రంథమే ఉదాహరణలు ఇచ్చేటప్పుడు చెంచాలు ఫోర్కులు, కత్తెర, సైకిలు అంటుంది! చేత్తో అన్నం కలిపి ముద్ద చేసి పెదవి తడపకుండ తినటం ఏ ఫోర్కుకూ తీసిపోని నేర్పు. దానిని లెక్కలోకి తీసుకోవలసినవారు మనమే.

అయిదేళ్ళు నిండకముందు ఈ పేరు పెట్టటం సామాన్యంగా తగదని కూడ గ్రంథాలు చెబుతున్నవి. ఈ మాట తల్లిదండ్రులకు చేరవలసిన మాట. చిన్నపిల్లల ఎదుగుదలలో తేడాలు అంత విశాలంగా ఉంటవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఢిల్లీతోసహా అయిదు దేశాల పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాలలో, ఆరోగ్యవంతులైన పిల్లలు ఆధారం లేకుండ నడక మొదలుపెట్టిన వయస్సు 8.2 నెలలనుంచి 17.6 నెలలవరకు ఉన్నది. నూటికి నలుగురైతే చేతులమీద, మోకాళ్ళమీద పాకనేలేదు, నేరుగా నడిచారు. పక్కింటి పాప ఏడాదికి నడిచిందని పదునాలుగు నెలల బిడ్డకు మందులు వెదికే తల్లికి ఈ అంకెలు చూపించవచ్చును.

బడిలో మరొక చిక్కు. ఒకటవ తరగతిలో ఒకే బెంచీపై కూర్చున్న ఇద్దరు పిల్లలకు పదకొండు నెలల తేడా ఉండవచ్చును. ఆరేళ్ళ వయస్సులో పదకొండు నెలలంటే జీవితంలో ఆరవ వంతుకు దగ్గర. పైగా జూన్ నెలలో పుట్టినట్టు బడి రిజిస్టరులో వ్రాయించే పాత అలవాటు మనకు తెలియనిది కాదు. పిల్లవాడు వెనుకబడినాడని అనేముందు అసలు పుట్టినరోజు తల్లిని అడగటం మేలు.

వ్రాత విషయంలో మన ఉపాధ్యాయులు ఇంగ్లీషు గ్రంథాలను అనుసరించటానికి వీలు లేదు. ఇంగ్లీషు అక్షరాలు గీతమీద ఎడమనుంచి కుడికి నడుస్తవి. తెలుగు అక్షరం గుండ్రంగా తిరిగి, పైన తలకట్టు, గుడి, కొమ్ము పెట్టించుకొని, కింద ఒత్తుకోసం గీత దిగుతుంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరం వ్రాయటంలో చేయి ఎన్నిసార్లు లేచి, పైకి పోయి, కిందికి దిగిందో ఒకసారి నెమ్మదిగా వ్రాసి చూడండి. అక్షరాభ్యాసంనాడు పళ్ళెంలోని బియ్యంపై వ్రేలితో వ్రాసేది భుజం, మోచేయి చేసే పెద్ద కదలిక. సన్నగీతల పుస్తకంలో పెన్సిలుతో వ్రాసేది మూడు వ్రేళ్ళు చేసే చిన్న కదలిక. మొదటిది కుదరకముందే, మూడున్నర ఏళ్ళకే రెండవది చేయించి, కుదరలేదని ఇంటికి చీటి పంపటం ఎక్కడి న్యాయం? 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడునుంచి ఎనిమిదేళ్ళవరకు ఆటపాటల చదువు ఉండాలన్నది. చీటీలు మాత్రం ఆగలేదు.

ఇంతవరకు చదివి, ఇది అంతా తల్లుల భ్రమ అని ఎవరైనా అనుకొంటే నేను సరిగా చెప్పలేదన్నమాట. తొందరపడి పేరు పెట్టటంకంటె పెద్ద తప్పు మరొకటి ఉన్నది. అది నిజమైన వ్యాధిని "పెద్దయితే అదే సర్దుకొంటుంది" అని వదలివేయటం. నాలుగేళ్ళ మగపిల్లవాడు తరచుగా పడుతున్నాడు, మెట్లు ఎక్కలేకపోతున్నాడు, పిక్కలు మాత్రం బలిసి ఉన్నవి. నేలమీదినుంచి లేవటానికి తన తొడలమీద తానే చేతులు ఆనించుకొని, తనమీద తానే ఎక్కుతున్నట్టు లేస్తున్నాడు. 1879లో గవర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు వర్ణించిన ఈ లక్షణం డుషేన్ కండర క్షీణతకు గుర్తు కావచ్చును. ఆ వ్యాధి 3,500 నుంచి 5 వేల మగశిశువులకు ఒకరి చొప్పున వస్తుంది. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమును కొలిస్తే అనుమానం చాలవరకు తేలుతుంది. ముందుగా తెలిస్తే వ్యాధి వేగాన్ని కొంత తగ్గించే మందులు ఉన్నవి, తల్లికి తరువాతి కాన్పు విషయంలో సలహా దొరుకుతుంది. మరికొన్ని గుర్తులు కూడ ఉపాధ్యాయులు మరువకూడదు: నిన్నమొన్నటిదాక వచ్చిన నేర్పు పోవటం, శరీరంలో ఒక పక్కే చేయి కాలు వెనుకబడటం, నడకలో కొత్తగా తూలుడు, తూలుడుతోపాటు ఉదయం తలనొప్పి, వాంతులు. ఇవి చేయి తిరగకపోవటం కాదు, ఆలస్యం చేయకుండ ఆసుపత్రికి పోవలసిన విషయాలు. అన్నిటికంటె సులువైనది, అన్నిటికంటె తరచుగా మరచేది కళ్ళ పరీక్ష. కళ్ళద్దాలు పెట్టిన మర్నాటినుంచి గుమ్మాలు తగలటం మానేసిన పిల్లలు ఉన్నారు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి ఎదుగుదల లోపాలను కూడ చూడాలి. అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఆ రోజు ఉపాధ్యాయుడు "అందరూ బాగానే ఉన్నారు" అని జాబితా నింపి ఇవ్వటానికీ, తాను గమనించిన ఇద్దరి పేర్లు చెప్పటానికీ చాలా వ్యత్యాసం ఉన్నది.

చికిత్సల విషయంలో విమర్శకుడు కొంచెం కఠినంగానే ఉండాలి. 1972లో అమెరికాలో జీన్ ఏర్స్ అనే విదుషి, స్పర్శ, తూకం, కండరాల అనుభూతి మెదడులో సరిగా కలవకపోవటమే ఈ చిక్కులకు మూలమని ఒక సిద్ధాంతం ప్రతిపాదించింది. ఊయలలు, బల్లలు, బ్రష్షులతో చేసే చికిత్స దానినుంచి పుట్టింది. ఊయల ఊగటం ఏ పిల్లవాడికైనా సంతోషమే. కాని ఊయల ఊగినందువల్ల వ్రాత కుదురుతుందనే మాటకు ఆధారాలు పలుచన. 2012లో అమెరికన్ శిశువైద్యుల సంఘం ఈ చికిత్సకు ఆధారాలు పరిమితమనీ, తల్లిదండ్రులకు ఆ సంగతి చెప్పాలనీ ప్రకటించింది. నెలకు ఇంత అని రుసుము వసూలు చేసే కేంద్రాలలో ఈ ప్రకటన గోడమీద కనపడదు.

2012లోను, 2019లోను నిపుణులు కూర్చిన అంతర్జాతీయ సలహాలు మరొక దారి చూపినవి. ఏ పని రావటంలేదో ఆ పనినే నేర్పాలి. కెనడాలో పొలటైకో, మాండిచ్ అనే విదుషులు పెంపొందించిన పద్ధతిలో పిల్లవాడే తనకు కావలసిన పని ఎంచుకొంటాడు, ఉపాయం ఆలోచిస్తాడు, చేస్తాడు, కుదిరినదో లేదో తానే చూసుకొంటాడు. పెద్దవారు అడుగుతారేగాని చేసిపెట్టరు. బొత్తాముల సంగతే తీసుకొంటే, పైనుంచి మొదలుపెట్టిన పిల్లవాడికి గడ్డం కిందిది కనపడదు. "ఏది నీకు బాగా కనపడుతున్నది?" అని అడిగితే తానే కిందినుంచి మొదలుపెడతాడు. ఈ పని చేయించటానికి పరికరాలు అక్కరలేదు, ఓపిక కావాలి. నలభై మంది ఉన్న తరగతిలో ఆ ఓపిక ఎక్కడ దొరుకుతుందని ఉపాధ్యాయులు అడిగితే, ఆ గ్రంథాలలో దానికి జవాబు లేదు.

"పెద్దయితే సర్దుకొంటుందా?" అన్న ప్రశ్నకు కొంత జవాబు ఉన్నది. 1991లో ఇంగ్లండులో ప్రకటించిన ఒక పరిశోధనలో ఆరేళ్ళప్పుడు గుర్తించిన 17 మందిని పదేళ్ళ తరువాత చూస్తే, చాలామందికి ఇబ్బంది అట్లాగే ఉన్నది. దానికి తోడు చదువులో వెనుకబాటు, తనమీద తనకు చిన్నచూపు చేరినవి. 1994 నాటి ఫిన్లండు పరిశోధనలో సుమారు సగంమంది పదిహేనేళ్ళకు తోటివారిని అందుకొన్నారు. ఇవి చిన్న సంఖ్యలు, వీటినిబట్టి ఏ ఒక్క పిల్లవాడికీ జోస్యం చెప్పరాదు. ఆటలో ఎవరూ పిలవని పిల్లవాడు ఆట మానేస్తాడు, మానేసినందువల్ల నేర్పు మరింత తగ్గుతుంది. ఈ సుడి ఆ రెండు పరిశోధనలలోను కనపడుతున్నది.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల దగ్గరకు ఈ పిల్లవాడు పదమూడేళ్ళవాడై వస్తాడు. అప్పటికి పడటం తగ్గి ఉంటుంది. మిగిలినది చేతివ్రాత. నోటితో అడిగితే జవాబు చెబుతాడు, పరీక్షలో నాలుగు ప్రశ్నలు వ్రాసేసరికి గంట కొడతారు. రేఖాగణితంలో సిద్ధాంతం తెలుసు, వృత్తలేఖిని జారిపోతుంది. ప్రయోగశాలలో పరీక్షనాళిక పగులుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాలలో ఈ లోపం పేరు విడిగా లేదు, కనుక అదనపు సమయం అడిగే తండ్రికి చూపించుకొనేందుకు కాగితం దొరకటం కష్టం. తరగతి పరీక్షలలో పది నిమిషాలు ఎక్కువ ఇవ్వటానికి, బొమ్మ వంకరకు మార్కు కోయకుండ భాగాల పేర్లకు మార్కు వేయటానికి, ప్రయోగంలో కొలత చదివే పని అతనికి, నాళిక పట్టే పని జతగాడికి ఇవ్వటానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాదు.

ఇక కొలబద్ద. అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ, గోలీలు, బొంగరానికి తాడు చుట్టటం, పూలు కట్టటం, పలకమీద గుణింతం: శ్రీకాకుళంనుంచి ఆదిలాబాదువరకు, పల్లెలోను పట్నంలోను, అయిదునుంచి పదేళ్ళ పిల్లలు ఏ వయస్సులో ఏది చేయగలుగుతున్నారో వేలమందిని చూసి పట్టికలు కట్టాలి. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరుగా చూడాలి. బొంగరం ముట్టని పట్నపు పిల్లవాడిని బొంగరంతో కొలవరాదు, అది గబ్బే చేసిన పొరపాటే అవుతుంది. విశ్వవిద్యాలయాల మనస్తత్వ శాఖలు, వైద్య కళాశాలల శిశువైద్యులు కలిసి చేయవలసిన ఈ పనికి గడియారము, రాళ్ళు, నోటుపుస్తకము, పిల్లలను రోజూ చూసే ఉపాధ్యాయులు కావాలి.